గీత కొట్టిన మాటలు

"గీత కొట్టిన మాటలు ముందు చదవండి. కింద గీత గీసినవి తర్వాత."

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకునే మా తల్లులందరికీ ఆర్డిత్ క్రోకర్ నేర్పిన మొదటి పాఠం ఇదే. మా రాష్ట్ర శాసనసభలో ఏ బిల్లు పెట్టినా, పాత చట్టంలోంచి తీసేయబోయే మాటల మీద అడ్డంగా గీత కొడతారు. కొత్తగా చేర్చబోయే మాటల కింద గీత గీస్తారు. మామూలు మనుషుల కళ్ళు కొత్త మాటల మీదికే పోతాయి. ఆర్డిత్ ఒప్పుకునేది కాదు. "ఇంటికొచ్చిన చుట్టం ఏం తెచ్చాడని కాదు, పోయేటప్పుడు ఏం పట్టుకుపోయాడో చూసుకోవాలి" అనేది.

జనవరిలో సభ మొదలవుతుంది. బిల్లులు వందల్లో వచ్చిపడతాయి. మొక్కజొన్న మీద పన్ను, బోరుబావుల లోతు, మంగలి షాపుల లైసెన్సులు, ఏవేవో. వాటిలో మాకు తగిలేవి నాలుగైదుంటాయి. కానీ అవి మా పేరు పెట్టుకుని రావు. అన్నీ చదివితే తప్ప దొరకవు. ఆర్డిత్ అన్నీ చదివేది. పొలం మంచు కింద పడుకునే ఆ రెండు మూడు నెలలూ ఆమెకి కోతల కాలం. వంటింటి బల్ల దగ్గర, భర్త పాత ఉన్ని స్వెట్టరు తొడుక్కుని, బొటనవేలితో పేజీలు తిప్పుతూ కూర్చునేది. ఒకసారి స్కూలు బస్సుల లైట్ల గురించిన బిల్లులో, చివరి పేజీలో, బడి వయసుని చడీచప్పుడు లేకుండా ఒక ఏడాది కిందికి దింపేసిన వాక్యాన్ని పట్టుకుంది. ఆ ఏడాదంతా మేం ఆమెని "బస్సు లైటు" అని పిలిచాం.

"మా ఆవిడ బైబిలు తర్వాత ఇంత భక్తిగా చదివేది వీటినే. బైబిలు దగ్గరైనా మధ్యలో ఒక కునుకు తీస్తుంది" అనేవాడు ఎల్డన్, ఆమె భర్త.

ఏదైనా దొరికాక ఫోను. ఆమె ఐదుగురికి చేసేది, ఆ ఐదుగురూ తలా ఐదుగురికి. భోజనాల వేళకల్లా రాజధానిలో ఆ బిల్లు చూసే కమిటీ ఆఫీసు ఫోను మోగడం ఆగేది కాదు. ఈమెయిళ్ళు వచ్చాయి, మెసేజీలు వచ్చాయి, అయినా ఆర్డిత్ ఫోనే పట్టుకునేది. "మెసేజీ పెడితే ఒక బొమ్మ తిప్పి పంపి ఊరుకుంటారు. నా గొంతు వింటే లేచి నిలబడతారు" అని. నిజమే, నేను లేచి నిలబడేదాన్ని.

ఆమెకి ఈ పని ఎవరూ అప్పగించలేదు. అది షెరీఫు, అంటే మా జిల్లా పోలీసు పెద్ద, తెచ్చిపెట్టిన పని.

ఎనభైల మొదట్లో మా రాష్ట్రంలో సర్టిఫికెట్టు లేనివాళ్ళు పిల్లలకి చదువు చెప్పకూడదు, కన్నవాళ్ళయినా సరే. ఆర్డిత్, ఎల్డన్ తమ పిల్లల్ని, తమ చర్చికొచ్చే మరో రెండు కుటుంబాల పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఇంట్లోనే చెప్పుకునేవాళ్ళు. ఒకరోజు పొద్దున షెరీఫు వచ్చి తలుపు కొట్టాడు. ఎల్డన్‌తో కలిసి చదువుకున్నవాడే. ఆర్డిత్ తలుపు తీసింది. లోపలికి రమ్మంది. కాఫీ కలిపి ఇచ్చింది. అతను కాఫీ తాగుతూ బల్ల మీదున్న పుస్తకాలూ, పలకా, పిల్లలూ అన్నీ చూశాడు. కోర్టులో చూసింది చూసినట్టు చెప్పాడు. ఎల్డన్ ఆ చలికాలమంతా జిల్లా జైల్లో ఉన్నాడు. ఆర్డిత్, ఏడేళ్ళ కూతురు ట్విలా కలిసి ఆవుల పాలు పిండారు.

తర్వాత చట్టం మారింది. ఇలాంటి తండ్రులు చాలామంది జైళ్ళలో కూర్చున్నాకే మారింది. తల్లిదండ్రుల హక్కులు అనగానే నవ్వే చదువుకున్నవాళ్ళు పట్నాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళ తలుపు ఎవరూ కొట్టలేదు కాబట్టి నవ్వగలరు. తలుపు కొట్టినప్పుడు తెలుస్తుంది హక్కంటే ఏమిటో. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను. తర్వాత చెప్పబోయేది కూడా అదే గొంతుతో చెబుతాను.

అప్పుడు తలుపు తీసినందుకు ఆర్డిత్ తనని తాను క్షమించుకోలేదు. అందుకే మాకు తలుపు వేయడం నేర్పింది.

ఇంట్లో చదువు చెప్పుకునే కుటుంబాలం ఒక సంఘం పెట్టుకున్నాం. ఏటా సెప్టెంబరులో మా సంఘం పిక్నిక్కు. తిన్నాక ఆర్డిత్, ఎల్డన్ చిన్న నాటకం ఆడేవాళ్ళు. ఎల్డన్ టోపీ పెట్టుకుని సర్కారు మనిషి. ఆర్డిత్ తల్లి. అతను గాలిలో తలుపు కొట్టేవాడు. ఆమె బయటికొచ్చి, వెనక తలుపు లాగేసి, గుండ్రటి పిడి మీద చెయ్యి వదలకుండా చిరునవ్వుతో నిలబడేది.

"పిల్లల్ని ఒక్కసారి చూసి పోతానమ్మా."

"పిల్లలు పాఠాల్లో ఉన్నారండీ. కోర్టు కాయితం ఉంటే చూపించండి. లేకపోతే కబురు చేసి రండి."

"అబ్బ, ఎండ దంచేస్తోంది. లోపలికొచ్చి కాసిని మంచినీళ్ళు..."

"పంపు పెరట్లో ఉందండీ!"

పిల్లలు గడ్డిలో పడి దొర్లి నవ్వేవాళ్ళు. ఆ నాటకం చూడని తల్లి మా సంఘంలో లేదు. కోపం వద్దు, అరవొద్దు, నవ్వుతూ ఉండాలి, చెయ్యి పిడి మీంచి తీయకూడదు. కొత్తగా చేరినవాళ్ళ చేత ఒకసారి చేయించి చూసేది కూడా.

ఇక సెలా సంగతి. బైబిలు కీర్తనల గ్రంథంలో మధ్యమధ్య వస్తుందే, అర్థం ఎవరూ తేల్చి చెప్పలేని ఆ మాట. మా సంఘంలో ఒకామె దాన్నే తన కూతురికి పేరుగా పెట్టింది. శుక్రవారాలు చర్చి కింది గదిలో పిల్లలందరినీ పోగుచేసి మేం వంతులవారీగా పాఠాలు చెప్పేవాళ్ళం. ఆర్డిత్ వ్యాకరణం చెప్పేది. సెలా ముందు వరసలో కూర్చుని, ప్రశ్నలు వేసి ప్రాణం తీసేది.

ఫిబ్రవరిలో మేమందరం పిల్లల్ని తీసుకుని రాజధానికి వెళ్ళి, సభ్యులందరికీ పుల్లటి రూబార్బ్ కాడలు కూరి కాల్చిన తీపి 'పై' తలా ఒకటి ఇచ్చి వస్తాం. మేం ఉన్నామని గుర్తుండాలి కదా. ఆ ఏడు సెలాకి ఏడేళ్ళు. పైన గ్యాలరీలో ఆర్డిత్ పక్కన కూర్చుంది.

"మిసెస్ క్రోకర్, ఆ పెద్దాయన నిద్రపోతున్నాడు."

"ఆలోచిస్తున్నాడమ్మా."

"నోరు తెరుచుకునా?"

కాసేపయ్యాక పైల డబ్బాలు పంచే వేళ, సెలా చేతిలో ఉన్న 'పై' ఒక అంచున కొరికి ఉంది. ఆర్డిత్ కళ్ళద్దాల మీంచి చూసింది.

"ఎవరు కొరికారే?"

"ఎలక."

"ఎలకకి ముందు పళ్ళు రెండూ లేనట్టున్నాయే!"

సెలా గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొరికిన పైని ఆర్డిత్ ఆ పిల్లకే ఇచ్చేసింది. గ్యాలరీ మెట్ల మీద కూర్చుని ఇద్దరూ సగం తినేశారు. ఒక సభ్యుడికి ఆ ఏడు పై అందలేదు.

మరుసటి ఏడాది సెలా తల్లి కాన్సరుతో పోయింది. తండ్రి డెరిక్ లారీ డ్రైవరు. వారానికి ఐదు రోజులు రోడ్డు మీదే. ఏడాది తిరక్కుండా కెండ్రాని చేసుకున్నాడు. ఆమె పిక్నిక్కుకి వచ్చింది, నాటకం చూసింది, నవ్వింది. ఆ చలికాలం నుంచి సెలా శుక్రవారాలు రావడం మానేసింది.

అదే చలికాలం, జనవరిలో, మా సభలో సెనేటర్ కూబిక్ ఒక బిల్లు పెట్టింది. ఇంట్లో చదువుకునే ప్రతి బిడ్డనీ, ఏడాదికి ఒకసారి, ఆ ఇంటికి చెందని పెద్దమనిషి ఎవరో ఒకరు చూడాలి. డాక్టరు, నర్సు, లైబ్రరీలో పనిచేసేవాళ్ళు, పాస్టరు, ఎవరైనా సరే. చూశామని సంతకం పెట్టాలి. అంతే బిల్లు.

ఆర్డిత్ పట్టుకుంది. ఫోన్లు మోగాయి. కమిటీ బహిరంగ విచారణ రోజున గది మావాళ్ళతో నిండిపోయింది. ఆర్డిత్ సాక్షి కుర్చీలో కూర్చుని ఒకే ఒక్క మాట పట్టుకుని లాగింది. "చూడటం అంటే ఏమిటో ఈ బిల్లులో ఎక్కడా రాయలేదు. ముఖం చూడటమా? పుస్తకాలు చూడటమా? ఒంటి మీద మచ్చలు చూడటమా? ఈ ఏడాది చూస్తామంటారు, వచ్చే ఏడాది సోదా చేస్తామంటారు. మా ఇంట్లో ఒకాయన కాఫీ తాగుతూ చూశాడు. మా ఆయన జైల్లో కూర్చున్నాడు."

బిల్లు కమిటీలోనే చచ్చింది. వసారాలో కూబిక్ ఎదురైంది. పాడి రైతు కూతురు, మాటకి తడుముకునే మనిషి కాదు.

"కంచే చేను మేస్తే ఏం చేస్తారు ఆర్డిత్?"

"అని కంచెలన్నీ పీకేస్తామా సెనేటర్ గారూ?"

చుట్టూ ఉన్నవాళ్ళం చప్పట్లు కొట్టాం.

ఏప్రిల్లో ఆర్డిత్‌కి సెలా మీదికి మనసు పోయింది. తల్లి లేని పిల్ల, కనిపించి చాలా రోజులైంది, ఎలా ఉందో చూద్దాం అనుకుంది. ఇంట్లో చేసిన రొట్టె గుడ్డలో చుట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి తలుపు కొట్టింది. కెండ్రా బయటికొచ్చింది. వెనక తలుపు లాగేసింది. పిడి మీద చెయ్యి పెట్టి చిరునవ్వుతో నిలబడింది.

"పిల్లలు పాఠాల్లో ఉన్నారండీ మిసెస్ క్రోకర్. ముందు కబురు చేసి వస్తే బావుండేది."

ఆర్డిత్ ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పకపకా నవ్వేసింది.

"అమ్మ దొంగా! నా పాఠం నాకే అప్పజెప్తావా? భేష్, బాగా నేర్చుకున్నావు. ఎవరొచ్చినా ఇలాగే ఉండు."

రొట్టె చేతిలో పెట్టి, సెలాని అడిగానని చెప్పమని, వచ్చేసింది. ఇంటికొచ్చి ఎల్డన్‌కి చెప్పి మురిసిపోయింది. నాకూ ఫోను చేసి చెప్పింది. "కొత్త పిల్లయినా ఎంత ఒడుపుగా పట్టుకుందనుకున్నావు!"

నవంబరులో సెలా చనిపోయింది. పదేళ్ళ పిల్ల, ఐదేళ్ళ పిల్లంత బరువుంది. ఇంతకన్నా రాయను. ఏం జరిగిందో కోర్టులో అంతా చదివారు, విన్నవాళ్ళు విన్నారు. ఆర్డిత్ అన్ని రోజులూ వెళ్ళి కూర్చుంది. బట్టలుతికే గదికి బయటినుంచి గొళ్ళెం ఉండేదని, ఏప్రిల్లో కూడా పిల్ల అందులోనే ఉందని, ఆ గది గోడకి అవతల వైపు వరండాయేనని అక్కడే తెలిసింది. ఎవరూ ఎప్పుడూ రాలేదా అని అడిగితే కెండ్రా చెప్పింది: "వచ్చారు. మా సంఘంలో నేర్పినట్టే చేశాను." కోపంగా అనలేదట. గురువు నేర్పిన పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పినట్టు అందట.

ఇక్కడ మా అందరి గురించీ ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళ పైగా మేం ప్రతి బిల్లులోనూ "బిడ్డ" అనే మాట కోసం వెతికాం. ఏ పేజీలో ఉన్నా పట్టుకున్నాం. బిడ్డల్లో ఒక బిడ్డ కనిపించకుండా పోతే పట్టుకోలేకపోయాం. తల్లిదండ్రుల హక్కు అని ఎలుగెత్తి అరిచిన చోట బిడ్డ హక్కు అనే మాటకి గొంతే లేదు. అది మా చట్టంలో గీత కొట్టిన మాట కూడా కాదు. అసలు రాయనే రాయని మాట.

కోర్టు కేసు ముగిశాక మళ్ళీ జనవరి వచ్చింది. కూబిక్ పాత బిల్లునే మళ్ళీ పెట్టింది, ఈసారి సెలా పేరుతో. మా ఫోన్లు మోగలేదు.

సంఘానికి అప్పటికి ట్విలా అధ్యక్షురాలు. తనూ నలుగురు పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకుంటోంది. వారం ఆగి తల్లి దగ్గరికి వెళ్ళింది. ఆ మాటలు తర్వాత ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. తేడా ఏమీ లేదు.

"అమ్మా, ఒక్కళ్ళకీ ఫోను రాలేదు. మీ అమ్మకి ఒంట్లో బాలేదా అని అందరూ నన్నడుగుతున్నారు."

"ఒంట్లో బాగానే ఉంది."

"మరి?"

"బిల్లు చదువుతున్నా."

"రెండు పేజీల బిల్లమ్మా అది!"

"రెండే. ఇంకా చదువుతున్నా."

ట్విలా కోటు విప్పకుండానే కూర్చుంది. ఆర్డిత్ కాఫీ పోసింది. ఎవరూ తాగలేదు.

"నేను వెళ్ళి బిల్లుకి అనుకూలంగా మాట్లాడతానే" అంది ఆర్డిత్.

"నాన్న జైలుకెళ్ళింది మర్చిపోయావా?"

"ఆ చలిలో పాలు పిండింది నేను. ఎలా మర్చిపోతాను?"

"నేనూ పిండాను! వేళ్ళు కొంకర్లు పోయి ఏడ్చుకుంటూ పిండాను. ఆ కెండ్రా చేసిన పాపానికి మనందర్నీ దొంగల వరసలో నిలబెడతావా? రేపు ఎవడో నా ఇంటికొచ్చి నా పిల్లల్ని చొక్కా ఎత్తి చూపించమంటాడు. చూడటం అంటే ఏమిటో ఇప్పటికీ అందులో రాయలేదు. అది నీ మాటే!"

"నా మాటే."

"మరి ఇప్పుడేమైంది?"

"ఆ పిల్లకి నా గొంతు తెలుసు ట్విలా. గోడ అవతల్నుంచి వినే ఉంటుంది. నేను ఆవిడని మెచ్చుకోవడం కూడా వినే ఉంటుంది."

ట్విలా ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది. "నువ్వు అక్కడ అలా మాట్లాడితే శుక్రవారాలు రావడం కుదరదమ్మా. నేను వద్దనడం కాదు. వాళ్ళు ఒప్పుకోరు."

"వాళ్ళా, నువ్వా?"

ట్విలా కప్పు తీసుకెళ్ళి తొట్లో పెట్టి వెళ్ళిపోయింది. శుక్రవారాలంటే ఆర్డిత్‌కి పాఠాలే కాదు. మనవలు నలుగురూ అక్కడే ఆమె చేతికింద కూర్చునేవాళ్ళు. పోగొట్టుకోబోయేది ఏమిటో ఆమెకి ఆ పూటే తెలుసు.

కమిటీ విచారణ రోజు పొద్దున ఎల్డన్ చొక్కా మార్చుకోలేదు. "నేను రాను ఆర్డిత్. నాకు చేతకాదు" అన్నాడు. కోటు తొడుక్కుని బయటికెళ్ళి, కారు అద్దాల మీద గడ్డకట్టిన మంచంతా గీకి, ఇంజను వేడెక్కేదాకా ఆన్‌లో పెట్టి లోపలికొచ్చాడు. "రోడ్డు జారుడుగా ఉంటుంది, మెల్లిగా పో" అన్నాడు.

గదిలో మేమే నిండి ఉన్నాం. తెల్ల చొక్కాల్లో మగపిల్లలు, జడలు వేసుకున్న ఆడపిల్లలు, ఒళ్ళో చంటివాళ్ళు. ఆర్డిత్ లోపలికి రాగానే అలవాటు కొద్దీ ముందు వరసలో చోటిచ్చారు. తలుపు దగ్గర కార్డు మీద ఆమె "అనుకూలం" గడిలో గుర్తు పెట్టిందని అప్పటికి ఎవరికీ తెలియదు. అనుకూలంగా మాట్లాడేవాళ్ళు ముందు రమ్మని పిలిచినప్పుడు ఆమె లేచింది. ఎవరో "మిసెస్ క్రోకర్, మన వంతు తర్వాతండీ" అని చెయ్యి పట్టుకుని లాగారు కూడా.

"పేరు చెప్పండి. అక్షరాలు విడివిడిగా చెప్పండి, రికార్డు కోసం" అన్నాడు కమిటీ అధ్యక్షుడు.

చెప్పింది. బల్ల మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. మూడు నిమిషాలు. ఆమె షెరీఫు సంగతి చెప్పింది, పిక్నిక్కు సంగతి చెప్పింది, రొట్టె సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు. గదిలో చంటిపిల్ల ఒకతె కేరుమంటే తల్లి బయటికి తీసుకెళ్ళింది.

కమిటీలో ఒకాయన అడిగాడు, వెటకారంగా కాదు, మర్యాదగానే: "మిసెస్ క్రోకర్, కిందటిసారి మీరే ఇక్కడ కూర్చుని, చూడటం అనే మాటకి అర్థం రాయలేదన్నారు. ఈసారీ రాయలేదు కదండీ."

"రాయలేదండీ. అర్థం నాకు తెలిసింది. నేనా రోజు తలుపుని చూశాను. నవ్వుతున్న తల్లిని చూశాను. నా పాఠాన్ని చూసుకుని మురిశాను. పిల్లని చూడలేదు. పిల్లని చూడాలండీ."

ఎర్ర దీపం వెలిగింది. ఆమె లేచింది.

వ్యతిరేకంగా మొదట మాట్లాడింది ట్విలా. బాగా మాట్లాడింది, అది ఒప్పుకోవాలి. పొరుగింటివాళ్ళు ఫిర్యాదు చేస్తే పిల్లల సంక్షేమ శాఖ ఉద్యోగి ఒకామె రెండుసార్లు సెలావాళ్ళ వరండా దాకా వచ్చి వెళ్ళిపోయింది, చూసే అధికారం ఆమెకి అప్పటికే ఉంది, ఉన్న అధికారాన్ని వాడని ప్రభుత్వానికి కొత్త అధికారం ఎందుకు అంది. అబద్ధం ఒక్కటీ లేదు. మాట్లాడుతున్నంతసేపూ తల్లి వైపు చూడలేదు. ఆర్డిత్ మాత్రం కూతుర్నే చూస్తూ, ఒకచోట ట్విలా తడబడితే, పెదాలు కదిపి మాట అందించబోయింది.

శుక్రవారం వ్యాకరణం ఇంకొకామె చెప్పింది. మావాళ్ళు తిట్టరు. ప్రార్థన చేస్తారు. ఆ ఆదివారం చర్చిలో పేరు పెట్టి, ఆమె వినేట్టు, ఆమె మనసు కుదుటపడాలని ప్రార్థన చేశారు. ఆర్డిత్ కూడా కళ్ళు మూసుకుని చివర్లో ఆమెన్ అంది.

మార్చిలో బిల్లు కమిటీలోంచి బయటపడింది. చావలేదు. పిల్ల పేరు మీదున్న బిల్లుని చంపడానికి ఎన్నికల ఏడాదిలో ఎవరికీ చేతులు రాలేదు. సవరణ ఒకటి తగిలించి పంపారు. ఆర్డిత్ గీత కొట్టిన మాటలు ముందు చదివింది. "ఆ ఇంటికి చెందని పెద్దమనిషి ఎవరైనా" మీద గీత. "చూడవలెను" మీద గీత. కింద గీత గీసిన కొత్త మాటలు ఇవి: బిడ్డను చూచితిమని తల్లిగాని తండ్రిగాని, తమకు ఇష్టమైన యెడల, ఒక ప్రకటన దాఖలు చేయవచ్చును.

ఆమె కూబిక్‌కి ఫోను చేసింది.

"సెనేటర్ గారూ, ఆ పేరు తీసేయండి."

"ఏ పేరు?"

"పిల్ల పేరు. బిల్లు ఎలాగైనా పోనివ్వండి, దాని మీద ఆ పిల్ల పేరు ఉంచకండి."

"ఆ పేరుండబట్టే ఇంతవరకూ వచ్చింది ఆర్డిత్. పేరు తీస్తే ఇదీ మిగలదు. సభలో నా వెనక ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. ఈ ఏడాదికి ఇది. మిగతాది వచ్చే ఏడాది."

"వచ్చే ఏడాది అన్నవి ఎన్ని వచ్చాయో నేను చదువుతూనే ఉన్నాను కదండీ."

"నేనూ అలిసిపోయాను ఆర్డిత్" అంది కూబిక్. ఇద్దరూ ఫోన్లు పెట్టేశారు.

మా సభలో ఆఖరి ఓటుకి ముందు బిల్లు మొత్తం పైకి చదవాలి. అది నియమం. గుమాస్తా పశువుల సంతలో వేలంపాట పాడేవాడిలా గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. ఆర్డిత్ గ్యాలరీలో ఒక్కతే కూర్చుంది. మేం అవతలి వైపు కూర్చున్నాం. నేను లేచి ఆమె పక్కకి వెళ్ళి కూర్చున్నాను. ఆమె జరిగి చోటిచ్చింది. మనిషి చాలా చిక్కిపోయింది. స్వెట్టరు భుజాల మీంచి జారిపోతోంది.

చదవడం మొదలై అయిపోయింది. అంత చిన్న చట్టం. సెలా పేరు గుమాస్తా నోట్లో ఒకసారి వచ్చి పోయింది. గోడ మీద ఓట్ల బోర్డులో దీపాలన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. మా తరఫున మాట్లాడే సభ్యులవి కూడా. తర్వాత బిల్లు బోరుబావుల గురించి.

వసారాలో మావాళ్ళు ఒకర్నొకరు కౌగలించుకుంటున్నారు. ఓడిపోతామనుకున్నది ఇలా తేలిపోయింది మరి. ట్విలా వాళ్ళని వదిలి తల్లి దగ్గరికి వచ్చింది. పోట్లాటకి రాలేదు. ముఖంలో రాజీ కోసం వచ్చిన మనిషి ఆశ ఉంది.

"అమ్మా, ఆ పిల్ల పేరు మీద చట్టం వచ్చింది. ఎవరికీ నష్టం లేకుండా వచ్చింది. నువ్వు కోరుకున్నదీ అదే కదా. ఇంక వదిలెయ్. శుక్రవారం రా. నేను మాట్లాడతాను వాళ్ళతో."

ఆర్డిత్ కూతురి కోటు కాలరు మడత సరిచేసింది.

"చూశామని తల్లి రాసిస్తే చాలట ట్విలా."

"అవును, దాంట్లో తప్పేముంది?"

"కెండ్రా రాసిచ్చేది. ముత్యాల్లాంటి అక్షరాలతో, గడువుకి ముందే రాసిచ్చేది."

వెనక నుంచి ఎవరో ట్విలాని ఫోటోకి పిలిచారు. "వస్తున్నా" అని అటు కేకేసింది గాని కదల్లేదు. ఆర్డితే ఆమె భుజం తట్టి, "వెళ్ళు, పిలుస్తున్నారు" అంది. ట్విలా వెళ్ళింది. శుక్రవారం వస్తాననిగాని రాననిగాని ఆర్డిత్ చెప్పలేదు. ట్విలా మళ్ళీ అడగలేదు.

ఆ రోజు ఎల్డన్ వచ్చాడు. లోపలికి మాత్రం రాలేదు. కారు మెట్లకి ఎదురుగా ఆపుకుని హీటరు వేసుకుని కూర్చున్నాడు. ఆర్డిత్ మెట్లు దిగుతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. తలుపు తీసి కూర్చోబెట్టాను. ఎల్డన్ రేడియో కట్టేశాడు.

"ఏమైంది?"

"నెగ్గింది" అంది ఆర్డిత్, సీటు బెల్టు కోసం తడుముకుంటూ.